అప్‌డేట్: మా తమ్ముడి డిగ్రీ తరగతుల సంగతి

మేధో వైకల్యం ఉన్న మా తమ్ముణ్ని నల్లగొండలో డిగ్రీ తరగతులకు పంపవచ్చునా అని అడిగిన అక్కను నేనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్ ప్రకారం, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు ఉన్నాయని మీలో ఒకరు రాశారు. అది నిజమే గాని, ఇంటర్ పూర్తి చేయని వాడికి ఆ సీటు అక్కరకు రాలేదు. మొదట వెళ్లిన కళాశాలలో వాడి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తిరగేసి, ‘పింఛను వస్తున్నది కదమ్మా’ అన్నారు (అడిగింది చదువు!). రెండో చోట తెలుగు అధ్యాపకురాలు ప్రిన్సిపాల్‌ను ఒప్పించి, పరీక్షలు లేకుండా వారానికి రెండు రోజులు కూర్చోనిచ్చారు. పాఠంలోని మూడు ముఖ్యాంశాలను ఆమె ముందే పెద్ద అక్షరాలతో కాగితంపై రాసిస్తే, వాడు ఒక్కొక్కటి వినబడగానే ఎర్ర పెన్నుతో గీత గీస్తాడు. హాజరు పట్టీలో పేరు లేకపోయినా చివరన వాడినీ పిలుస్తారు. నకిరేకల్ నుంచి బస్సులో ఒంటరిగా పంపే ధైర్యం మాత్రం నాకింకా రాలేదు.