నలభై దాటాక చలికాలంలో బావి ఈత: మేలు చల్లదనంలో ఉందా, ఈతలో ఉందా?

ప్రశ్న (స్వస్థలం నకిరేకల్ వైపు, ఉద్యోగం హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నాకు నలభై ఆరేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా వాళ్లతో కాల్స్ రాత్రి పదకొండు దాకా సాగుతాయి కనుక పొద్దున నడక ఎక్కువ రోజులు తప్పిపోతోంది. ఈ మధ్య చేయించిన పరీక్షల్లో రక్తపోటు 138/88, మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం వచ్చాయి, నడుము కొలత 96 సెంటీమీటర్లు ఉంది. ఆఫీసులో నా ఈడు వాళ్లు కొందరు బాల్కనీలో డ్రమ్ము పెట్టుకుని, ఐసు గడ్డలు వేసుకుని అందులో కూర్చుంటున్నారు. దానివల్ల ఒత్తిడి పోతుందని, కొవ్వు కరుగుతుందని గట్టిగా చెబుతున్నారు. నేను చిన్నప్పుడు మా పొలం బావిలోనే ఈత నేర్చుకున్నాను, ఇప్పటికీ వస్తుంది. వారాంతాల్లో ఊరికి వెళ్లినప్పుడు, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఆ బావిలో ఈదితే చన్నీటి ఈత వల్ల కలుగుతాయంటున్న లాభాలు నాకూ దక్కుతాయా? ఈ రక్తపోటుతో దిగవచ్చా? వారానికి రెండు రోజులు ఈదితే జిమ్ము మానేయవచ్చా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు (వైద్యుడు, మహబూబ్‌నగర్)

మీ అంకెలు చూస్తే జబ్బు ఇంకా ఇంట్లోకి రాలేదు కానీ వాకిట్లో నిలబడి ఉంది. సగటు చక్కెర 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అది మధుమేహానికి ముందు దశ. మన దేశపు పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. గుండెపోటు మీద పలు దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53 ఏళ్లు కాగా, మిగతా ప్రాంతాల వారికి అది దాదాపు 59. అందుచేత మీరు ఈ వయసులో జాగ్రత్తపడటం ఏమాత్రం తొందరపాటు కాదు.

ఇక చన్నీటి సంగతి. పరిశోధకులు సాధారణంగా 15 డిగ్రీలు, అంతకంటే తక్కువ వేడి ఉన్న నీటినే చన్నీరుగా లెక్కిస్తారు. అలాంటి నీటిలో ఒక్కసారిగా మునిగినప్పుడు మనిషి తనకు తెలియకుండానే గుక్కపట్టి గాలి పీలుస్తాడు, ఊపిరి వేగం అదుపు తప్పుతుంది, గుండె వేగమూ రక్తపోటూ అమాంతం పెరుగుతాయి. ఆ గుక్క పట్టే క్షణంలో ముఖం నీటిలో ఉంటే ఎంత ఈతగాడైనా నీళ్లు మింగుతాడు. ఈ ఉద్ధృతి మొదటి అర నిమిషంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు నిమిషాల్లో నెమ్మదిస్తుంది. అసలు ఈ స్పందన 25 డిగ్రీల దిగువనే మొదలై, 10–15 డిగ్రీల మధ్య తీవ్ర స్థాయికి చేరుతుంది. అంటే మన బావినీటిలో అది తక్కువగా ఉంటుందే తప్ప బొత్తిగా లేకుండా పోదు.

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. చలి గుండెను పరుగెత్తించే వేళకే, ముఖం నీటిలో మునగడం వల్ల గుండెను నెమ్మదింపజేసే సంకేతం కూడా బయలుదేరుతుంది. ఈ రెండు ఆజ్ఞలూ ఒకేసారి అందినప్పుడు గుండె లయ తప్పే ప్రమాదం ఉందని షాటక్, టిప్టన్ అనే శాస్త్రవేత్తలు 2012లో వివరించారు. రక్తనాళాల్లో తెలియని పూడిక ఉన్న నడివయసు వారికి ఇది పట్టించుకోవలసిన విషయం. అందుకే దిగేముందు ఒక ఈసీజీ, మీ వైద్యుడు అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. బావిలోకి తలకిందులుగా దూకడం మాత్రం ఈ వయసులో పూర్తిగా వదిలేయండి. మన పెద్దలు మెట్ల మీద కూర్చుని, ముందు నెత్తి మీద, రొమ్ము మీద దోసిళ్లతో నీళ్లు చల్లుకుని దిగేవారు. అదే సరైన పద్ధతి. ఇంకొక మాట: వీడియోల్లో చూపించే వేగపు శ్వాస పద్ధతులు నీటి దగ్గర చేయకండి. వాటివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టకముందే నీటి అడుగున స్పృహ తప్పవచ్చు.

లాభాల విషయానికి వస్తే, 2025 జనవరిలో ప్లాస్ వన్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన సమీక్ష 11 అధ్యయనాలను, 3,177 మంది వివరాలను కలిపి చూసింది. ఒత్తిడి తగ్గడం చన్నీటిలో మునిగిన 12 గంటల తరువాత కనిపించింది. మునిగిన వెంటనే మాత్రం ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) సూచికలు పెరిగాయి. దీన్ని పట్టుకుని మీ చక్కెరకు ఇది మందు అనుకోవడానికి లేదు. మీ చక్కెరను దించేది కండరాల పని, అంటే ఈతే.

జవాబు (రైతు, చండూరు మండలం)

డాక్టరు గారు ఒంటి గురించి చెప్పారు, నేను బావి గురించి చెబుతాను. మా వైపు జనవరిలో తెల్లవారుజామున ఎంత ఇగం పెట్టినా లోతైన బావిలో నీళ్లు పైగాలి కంటే వెచ్చగానే ఉంటాయి. పొద్దున నీటి మీద పొగలు లేస్తాయి. కాబట్టి మీరు వినే ఐసునీళ్ల ఈత ఇక్కడ దొరకదు, దానికోసం వెతకవలసిన పనీ లేదు.

మీరు చిన్ననాడు చూసిన బావిని మనసులో పెట్టుకుని దిగకండి, అన్నా. అప్పట్లో కరెంటు వేళల ప్రకారం వచ్చేది, మోటారు ఎప్పుడు నడుస్తుందో ఊరంతటికీ తెలిసేది. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైన తరువాత మోటారుకు వేళ అంటూ లేదు, ఆటో స్టార్టరు ఉంటే మనిషి లేకుండానే నడుస్తుంది. నీళ్లలోకి దిగిన వైరు ఎక్కడో ఒరిసి తొక్క పోయి ఉంటే ఈతగాడికి అది కంటికి కనిపించదు. అందుకని ఫ్యూజులు తీసి, వాటిని జేబులో వేసుకున్న మనిషి గట్టు మీద ఉన్నప్పుడే దిగండి. బోర్లు వచ్చాక చాలా బావులు ఏళ్ల తరబడి ఎండి, మట్టి, ముళ్లకంప పడి, మళ్లీ నిండాయి. అడుగున ఏముందో వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు చూసినవాళ్లను అడగండి. రాతికట్టు వదులైన చోట మెట్టు చేతికే ఊడి వస్తుంది. గిలకకో చెట్టుకో బలమైన తాడు కట్టి నీళ్ల దాకా వదిలిపెట్టండి.

బావి బాగా లేదని సాగర్ ఎడమ కాలువకు మాత్రం వెళ్లవద్దు. ఏటవాలు సిమెంటు గోడకు నాచు పట్టి ఉంటుంది, నీటి వడిలో పట్టు దొరకదు, ఎక్కడానికి చోటు రాదు.

జవాబు (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ విభాగం, స్వస్థలం వనపర్తి)

పై ఇద్దరి మాటతో ఏకీభవిస్తూ, మూడో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. నా వయసు నలభై ఎనిమిది. మా ఊళ్లో బావి ఈత మగపిల్లలదే. నేను నగరానికి వచ్చి, నలభై దాటాక స్విమ్మింగ్ పూల్‌లో ఆడవారి బ్యాచ్‌లో నేర్చుకున్నాను. ఈత వల్ల ఊపిరి బలపడింది, మెడ నొప్పి తగ్గింది. అయితే నీరు మన బరువును మోస్తుంది కనుక ఎముకలకు అందవలసిన ఒత్తిడి ఈతలో అందదు. నెలసరి ఆగే వయసుకు చేరువైన ఆడవారు ఈ సంగతిని మరింత పట్టించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే కసరత్తు కూడా ఉండాలి. కనుక బరువులు ఎత్తడం మానవద్దు. బరువులు ఎత్తిన వెంటనే ఐసు డ్రమ్ములో కూర్చోవడమూ వద్దు. అలా చేసినవారిలో కండ పెరుగుదల తగ్గిందని 2015లో జర్నల్ ఆఫ్ ఫిజియాలజీలో వచ్చిన పరిశోధన చూపించింది.

నడివయసులో ఈతతో ఏం సాధించవచ్చో చూడాలనుకుంటే, 2021లో భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదిన హైదరాబాద్ వాసి గోలి శ్యామల గారిని తలుచుకోండి. అప్పటికి ఆమె వయసు నలభై అయిదు దాటింది. ఆ నీరు వెచ్చనిదే. ఆమెది చలిని ఓర్చుకున్న గొప్ప కాదు, గంటల తరబడి ఆగకుండా ఈదిన గొప్ప.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈసీజీ ఈ వారమే చేయించుకుంటాను. బావి దగ్గర మా చిన్నాన్న కొడుకు గట్టు మీద ఉంటానన్నాడు. డాక్టరు గారూ, తెల్లవారుజామునే దిగాలా, ఎండ వచ్చాక దిగినా సరేనా? ఎంతసేపు ఉండవచ్చు?

జవాబు (వైద్యుడు, మహబూబ్‌నగర్)

ఎండ ఎక్కాకే దిగండి. తెల్లవారి లేచిన తొలి గంటల్లో రక్తపోటు సహజంగానే పెరుగుతుంది, గుండెపోట్లూ పొద్దుటిపూటే ఎక్కువ. పైగా రాత్రి కాల్స్‌తో నిద్ర చాలని రోజున అసలు దిగవద్దు. మొదట్లో పది నిమిషాలు చాలు; పక్కవారితో రెండు ముక్కలు మాట్లాడగలిగేంత వేగంతోనే ఈదండి, ఇబ్బంది లేకపోతే వారం వారం కొద్దిగా పెంచుకోండి. పైకి వచ్చాక ముందుగా ఒళ్లు తుడుచుకుని పొడి బట్టలు వేసుకోండి, చాయ్ ఆ తరువాత. ఛాతీలో బిగువు, ఎడమ చేతిలో లాగుడు, మామూలుకు మించిన ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఈత ఆపి, గట్టు మీద ఉన్న మనిషిని వెంటబెట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. సొంతంగా బండి నడపవద్దు, 108కి ఫోన్ చేయండి.