ఫేస్‌లిఫ్ట్: ప్లికేషన్ మంచిదా, డీప్ ప్లేన్ మంచిదా? అభినయం చేసే ముఖం నాది

నాట్యమాలిని (విజయవాడ):

అందరికీ నమస్కారం. నాకు 56 ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ కూచిపూడే నా లోకం. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను, అడపాదడపా స్టేజీ కూడా ఎక్కుతున్నాను. ఆమధ్య షుగర్ బయటపడటంతో తిండి కట్టడి చేసి బాగా బరువు తగ్గాను. ఒంటికి మంచే జరిగింది గానీ ముఖం జారిపోయింది. గడ్డానికి రెండు పక్కలా దవడ కింద కండ వేలాడుతోంది. మెడ మీద నిలువుగా రెండు పట్టీలు తేలాయి. స్టేజీ మీద లైటు పైనుంచి పడుతుంది కదా, ఆ నీడలన్నీ నోటి చుట్టూ చేరి, నవ్వుతున్నా దిగులుగా ఉన్నట్టు కనిపిస్తున్నాను. సత్యభామ పాత్రలో ఆ గీర, ఆ ఠీవి కళ్లలో ఎంత పలికించినా కింది సగం ముఖం సహకరించడం లేదు. వీడియోలో చూసుకుంటే ఏడుపొస్తోంది.

ఫేస్‌లిఫ్ట్, అంటే జారిన ముఖాన్ని ఆపరేషన్‌తో పైకి ఎత్తి బిగించడం, చేయించుకుందామని హైదరాబాద్‌లో ఇద్దరు ప్లాస్టిక్ సర్జన్లను కలిశాను. ఒకాయన ‘స్మాస్ ప్లికేషన్, దాంతోపాటు మెడ కూడా సరిచేద్దాం’ అన్నారు. రెండో ఆయన ‘డీప్ ప్లేన్ ఒక్కటే పనికొస్తుంది, ప్లికేషన్ నిలవదు’ అన్నారు. ఇక్కడ మా ఊళ్లో ఒక స్కిన్ క్లినిక్ వాళ్లయితే చర్మం కింద దారాలు వేసి, ముఖాన్ని పైకి లాగి గంటలో పంపించేస్తామన్నారు.

నా భయాలు మూడు. కనుబొమ, పెదవి, చెంప ఇదివరకటిలా కదులుతాయా? జడ బిగించి వేసి, చెంపసరాలు, మాటీలు, బుట్టలు పెట్టుకుంటాం, అంటే చెవి చుట్టూ దాచుకోవడానికేం ఉండదు, మరి గాట్లు కనిపిస్తాయా? చెవి పైభాగంలో రెండో కుట్టు వేయించుకున్నప్పుడు అక్కడ గట్టి కాయ కాసింది, ఇప్పటికీ ఉంది. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

వయసొచ్చాక హుందాగా ఉండాలని మా అక్క రోజూ చెబుతూనే ఉంది. ఆ మాట ఇక్కడ కూడా వినే ఓపిక లేదు, దయచేసి అర్థం చేసుకోండి.

---

విశాఖ సర్జన్:

నమస్కారం అమ్మా. నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. మిమ్మల్ని చూడకుండా మీకిదే చేయించుకోండి అని చెప్పలేను. ఆ ఇద్దరూ చెప్పినదాని అర్థం ఏమిటో మాత్రం చెప్పగలను.

ముఖంలో పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద పలుచని గట్టి పొర ఒకటి ఉంటాయి. ఆ పొరనే స్మాస్ అంటాం. ముఖ కండరాలను కదిలించే నరాల కొమ్మలు చెంప దగ్గర దాని కిందుగా పోతాయి. పూర్వం చర్మం ఒక్కటే లాగి కుట్టేవారు. చర్మానికి సాగే గుణం ఉంది కాబట్టి మళ్లీ జారేది. పైగా బరువంతా కుట్ల మీద పడి మచ్చ వెడల్పయ్యేది, చెవి తమ్మె కిందికి సాగేది. స్వీడన్‌లో టోర్డ్ స్కూగ్ 1974లో చర్మాన్ని, లోపలి పొరను కలిపి ఎత్తే పద్ధతి రాశారు. 1976లో ఫ్రాన్స్‌లో మిట్జ్, పెయిరొనీ ఆ పొరను వివరంగా వర్ణించి స్మాస్ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి వచ్చిన పద్ధతులన్నీ ఆ పొరను ఏం చేయాలన్న దాని మీదే విడిపోయాయి.

ప్లికేషన్‌లో ఆ పొరను కోయరు, మడిచి కుడతారు. స్మాసెక్టమీలో చెంప మీదుగా ఒక పట్టీ కోసి తీసేసి అంచులు కలుపుతారు. మాక్స్ లిఫ్ట్ అని 2002లో బెల్జియం సర్జన్లు టొనార్డ్, వెర్పేలే రాసిన పద్ధతి ఉంది. గాటు చిన్నది, చెవి వెనక్కి పెద్దగా పోదు, లాగడం నిలువుగా పైకి. మెడ బాగా వదులైన వాళ్లకు అదొక్కటే చాలదు. డీప్ ప్లేన్‌ను 1990లో డాలస్‌లో శామ్ హామ్రా రాశారు. అందులో పొర కిందికి వెళ్లి, చెంప ఎముకకూ దవడ కండరానికీ అంటుకుని ఉండే లిగమెంట్లను విడదీసి, చర్మం, స్మాస్ కలిపి ఒకే ముక్కగా ఎత్తుతారు. టాకాలు వేసిన పరుపు మీద గుడ్డను ఎంత లాగినా టాకా దగ్గర ఆగిపోతుంది కదా, లిగమెంట్ల పని అదే. అవి విడితే చెంప మధ్యభాగం కూడా లేస్తుంది. డీప్ ప్లేన్ వాళ్ల వాదన ఇదే, అందులో నిజం ఉంది.

అయితే ‘ఇదొక్కటే పనికొస్తుంది’ అన్న మాట నేను ఒప్పుకోను. 1996లో న్యూయార్క్ సర్జన్లు ఒకే మనిషి ముఖానికి ఒక పక్క మామూలు స్మాస్ పద్ధతి, రెండో పక్క లోతైన పద్ధతి చేసి పోల్చారు. ఏడాది తర్వాత రెండు పక్కల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంకొకటి నాకు బాగా ఇష్టమైన పరిశీలన. రెండు జతల కవల అక్కచెల్లెళ్లకు నలుగురు పేరున్న సర్జన్లు తలా ఒక పద్ధతిలో ఆపరేషన్ చేశారు. వాళ్లలో హామ్రా కూడా ఒకరు. పదేళ్ల తర్వాతి ఫోటోలు 2009లో ప్రచురించారు. నేను వాటిని ఎన్నిసార్లు చూశానో! ఏది ఎవరి చేతి పనో పేరు చూడకుండా చెప్పమంటే చాలామంది సర్జన్లు తడబడతారు. అందుకే పద్ధతి పేరు కన్నా, ఆయన ఆ పద్ధతిని ఎంత తరచుగా చేస్తారు, మీలా బరువు తగ్గిన ముఖాల మీద ఏడాది దాటాక ఫలితం ఎలా ఉంది అన్నవే అడగండి. ఫోటోలు చూపించమనండి, తల ఒకే కోణంలో, ఒకే లైటులో ఉన్నాయా చూడండి.

ఇక మీ భయాల సంగతి. ఫేస్‌లిఫ్ట్‌లో భావాలు పలికించే కండరాలను తీసేయరు, అందువల్ల అభినయం పోదు. నరం దెబ్బతింటేనే చిక్కు. కణత మీదుగా పోయే కొమ్మ కనుబొమను ఎత్తుతుంది, దవడ అంచున పోయేది కింది పెదవిని దించుతుంది, మధ్యలోవి నవ్వుకు. వాపు వల్లనో లాగడం వల్లనో కొన్నాళ్లు బలహీనపడటం అప్పుడప్పుడు చూస్తాం, చాలావరకు వారాల్లో, కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. శాశ్వతంగా పోవడం నూటికి ఒకటి కన్నా తక్కువ. ప్లికేషన్‌లో నరం భయమే లేదని అనుకోకండి, లోతుగా పడిన కుట్టు కూడా నరాన్ని పట్టేయగలదు. నిజానికి ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా దెబ్బతినేది చెవికి స్పర్శ ఇచ్చే నరం. దాంతో ముఖం కదలికకు సంబంధం లేదు గానీ తమ్మె మొద్దుబారుతుంది.

నన్ను ఆపింది మీ మూడో మాట, చెవి మీద కాయ. అది కెలాయిడ్, అంటే గాయం హద్దు దాటి పెరిగే మచ్చ అయితే మొత్తం లెక్కే మారుతుంది. ఫేస్‌లిఫ్ట్ గాటు చెవి ముందు నుంచి వెనక్కి తిరుగుతుంది, చెవి వెనక చర్మంలో మచ్చలు పెరిగే గుణం ఎక్కువ. ఆ ఇద్దరికీ అది చూపించారా?

---

సంధ్య (కూకట్‌పల్లి):

అక్కా, నేను చేయించుకున్నాను. స్మాస్, మెడ కలిపి, హైదరాబాద్‌లోనే. బ్యాంకు ఉద్యోగం, రిటైర్మెంట్‌కి ఇంకా టైముంది. ఫలితం విషయంలో నేను సంతోషంగా ఉన్నాను, ముందే చెప్పేస్తున్నా.

నొప్పి ఊహించినంత లేదు. బిగుతు మాత్రం చాలా ఉంటుంది, మెడకి ఎవరో పట్టీ కట్టినట్టే. రెండు పక్కలా సన్నటి డ్రెయిన్ గొట్టాలు పెట్టి మర్నాడు తీశారు. మెత్తగా కలిపిన పెరుగన్నం, జావ తప్ప నమలబుద్ధి కాలేదు. వెల్లకిలా, తల ఎత్తులో పెట్టుకునే పడుకోవాలి. మొదటి వారం అద్దంలో చూసుకుంటే ఒక చెంప పెద్దది, ఒకటి చిన్నది, దవడ కింద పసుపూ ఆకుపచ్చా కలిసిన కమిలిన రంగు. అప్పుడు బాగా దిగులేస్తుంది, ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తుంది. పక్కన మనసెరిగిన మనిషి ఒకరు ఉండాలి. మా ఆడపడుచు సెలవు పెట్టి వచ్చింది, ఆవిడ మేలు మర్చిపోలేను.

చెవుల సంగతి డాక్టరుగారు చెప్పింది అక్షరాలా నిజం. దిద్దు శీల బిగిస్తుంటే తమ్మె గిల్లుకుపోయినా నాకు తెలిసేది కాదు, వేలికి రక్తం తగిలితే గాని చూసుకోలేదు. కొన్ని నెలలకు స్పర్శ తిరిగొచ్చింది. మీరు బరువు బుట్టలు పెడతారు కాబట్టి ఆ సమయంలో జాగ్రత్త. జడ బిగిస్తే చెవి వెనక గీత ఇప్పటికీ దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది, కానీ చూసేవాళ్లు అంత దగ్గరికి రారు.

డబ్బు గురించి ఒకటి. మొదట చెప్పిన మొత్తంలో మత్తు డాక్టరు ఫీజు, రూము, మందులు లేవు, తర్వాత కలిపారు. అందం కోసం చేసే ఆపరేషన్‌కి జీఎస్టీ మినహాయింపు ఉండదు, ఇన్సూరెన్స్ కూడా రాదు. అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి.

---

మత్తు డాక్టర్ (రాజమండ్రి):

చిన్న మాట. ఫేస్‌లిఫ్ట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఇబ్బంది చర్మం కింద రక్తం చేరడం, ఎక్కువసార్లు మొదటి 24 గంటల్లోనే. బీపీ పెరిగినా, మత్తు దిగేటప్పుడు దగ్గు, వాంతి వచ్చినా ముప్పు పెరుగుతుంది. అందుకని ఆ రాత్రి హాస్పిటల్‌లోనే ఉంచుతారా, ఒక పక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే రాత్రి రెండింటికి సర్జన్ వస్తారా, ఈ రెండూ అడగండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, రాసిన డాక్టరుని అడిగే ఆపాలి. చేప నూనె, విటమిన్ ఇ లాంటివి కూడా చెప్పాలి, మందులు కావనుకుని చాలామంది వదిలేస్తారు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించుకుని వెళ్లండి, అది ఎక్కువుంటే గాయం మానదు.

---

నాట్యమాలిని (విజయవాడ):

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

చెవి కాయ ఇద్దరిలో ఎవరికీ చూపించలేదు, వాళ్లూ అడగలేదు. అప్పట్లో చర్మం డాక్టరు అందులోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తే కొంత అణిగింది, ఆపాక మళ్లీ పెరిగింది. కుట్టు వేసిన రంధ్రం దాటి పక్కకు కూడా పాకింది. ఇది కెలాయిడేనా? అయితే దారాలు వేయించుకోవడం నయమా? వచ్చే శివరాత్రికి ఒక ప్రోగ్రాం ఒప్పుకున్నాను, దాని సంగతేమిటి?

---

విశాఖ సర్జన్:

గాయం హద్దు దాటి పాకింది, అణిగి మళ్లీ పెరిగింది అంటే కెలాయిడ్ లక్షణాలే అమ్మా. మామూలుగా ఉబ్బే మచ్చ గాయం హద్దు దాటదు. చేత్తో పట్టి చూసిన డాక్టరే తేల్చాలి, ముందు అది చేయించండి. మీ ఒంట్లో ఇంకెక్కడైనా ఉందా, టీకా వేసిన చోట, పాత ఆపరేషన్ కుట్ల దగ్గర, అదీ చూడాలి. సిజేరియన్ మచ్చ సన్నగా మానిందంటే కొంత ధైర్యం. చెవి దగ్గర కెలాయిడ్ ఖాయమని తేలితే నేనైతే నా పేషెంట్‌కి ఫేస్‌లిఫ్ట్ చేయను. మీలా చెవుల నిండా నగలు పెట్టుకుని స్టేజీ ఎక్కే మనిషికి ఆ చోట రెండు కాయలు లేస్తే, జారిన దవడ కన్నా బాధ ఎక్కువ.

దారాలు మీకు సరిపోవు. దవడ కింద, మెడలో అంత వదులుంటే దారాలు ఎత్తలేవు. ఎత్తినంత మేరా నెలల్లోనే తగ్గిపోతుంది. తర్వాత ఎప్పుడైనా ఆపరేషన్ చేయాల్సి వస్తే లోపల అతుకులు పడి సర్జన్‌కి పని కష్టమవుతుంది.

కాయ కెలాయిడ్ కాదని తేలితే మాత్రం దారి తెరిచే ఉంది. బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలిచాక వెళ్లండి. బరువు తగ్గిన ముఖంలో జారడమే కాదు, కొవ్వు కరిగి చెంప గుంట పడుతుంది, దానికి పొట్ట కొవ్వు తీసి నింపాలేమో కూడా అడగండి. మెడ పట్టీల గురించి విడిగా మాట్లాడండి, గడ్డం కింద చిన్న గాటు పెట్టి ఆ కండరాన్ని మధ్యలో కలిపి కుట్టాల్సి రావచ్చు. డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్, డీఎన్‌బీ లాంటి స్పెషలిస్ట్ డిగ్రీ చేశారా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యారా చూసుకోండి.

శివరాత్రి ప్రోగ్రాం హాయిగా చేయండి, ఏ నిర్ణయమైనా దాని తర్వాతే. ఆపరేషన్ అయితే రెండు మూడు వారాలకు నలుగురిలోకి రావచ్చు. నాట్యంలోని అడవులు, జతులు మాత్రం ఆరు వారాల దాకా వద్దు. బిగుతు జడ, తల సామాను, బరువు బుట్టలు అంతకన్నా ఇంకొన్ని వారాలు ఆగాలి. మీ సర్జన్ గాయం చూసి సరేనన్నాకే పెట్టుకోండి.