సముద్రం అడుక్కి మనుషులు దిగాల్సిందేనా, రోబోలు చాలవా?

కొబ్బరాకు:
మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆఫీసులో దీని మీద పెద్ద గొడవే అయింది, తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) మత్స్య 6000 అనే వాహనం తయారుచేస్తోంది, అందులో ముగ్గురిని కూర్చోబెట్టి 6,000 మీటర్ల లోతుకి దింపుతారట. 2021లో కేంద్రం ఒప్పుకున్న డీప్ ఓషన్ మిషన్‌లో ఇదో భాగం, మొత్తం మిషన్‌కి 4,077 కోట్లు. నేనడిగేది ఒక్కటే, మనుషులెందుకు? అదే సంస్థ రోబో రోసబ్ 2010లోనే 5,289 మీటర్లు దిగింది. కేబుల్ కూడా లేకుండా తనంతట తానే ఈదే ఓఎంఈ 6000 ఇంకోటుంది, 2022లో 5,271 మీటర్ల దగ్గర ఖనిజపు ముద్దలున్న చోటంతా గాలించింది, 2024లో 4,500 మీటర్ల లోతున వేడినీటి బుగ్గని ఫోటో తీసింది. ఖాళీ యంత్రాలే ఇన్ని పనులు చేస్తుంటే ముగ్గురు మనుషుల్ని గుండు లాంటి లోహపు గదిలో పెట్టి ముంచడం దేనికండీ, జెండా కోసం తప్ప?

గాలిపటం:
ముందు మా వీధి డ్రైనేజీ లోతెంతో కనిపెట్టమనండి.

లెక్కల మాస్టారు:
గాలిపటం గారూ, దానికి మనిషినే దింపుతున్నారు, అదే దౌర్భాగ్యం. సరే, విషయానికొద్దాం. ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అంటే 6,000 మీటర్ల దగ్గర బొటనవేలి గోరంత చోటు మీద ఆరు క్వింటాళ్ల బరువు. రోబోకి దీంతో పెద్ద పేచీ లేదు, చాలా భాగాల్ని నూనెతో నింపేస్తే లోపలా బయటా ఒత్తిడి సమానమైపోతుంది. మనిషికి మాత్రం గాలి కావాలి, అదీ ఇంట్లో పీల్చే ఒత్తిడిలోనే కావాలి. సుమారు 2 మీటర్ల గుండు, 80 మిల్లీమీటర్ల మందం టైటానియం, దాన్ని ఇస్రోలో ఎలక్ట్రాన్ కిరణాలతో వెల్డింగ్ చేయడం, ఇదంతా ఆ గాలి కోసమే.
అయినా మనిషి వెళ్లాలనే అంటాను. 1977లో పసిఫిక్‌లోని గలాపగోస్ దీవుల దగ్గర వేడినీటి బుగ్గల చుట్టూ బతుకుతున్న జీవాల్ని ఆల్విన్‌లో (మనుషులు కూర్చుని దిగే అమెరికావాళ్ల వాహనం) దిగినవాళ్లే చూశారు, ఎండ పొడ తగలని చోట. ఆ ఓడలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు, అందరూ భూగర్భ శాస్త్రం వాళ్లే. దొరికిన జంతువుల్ని నిల్వ చేయడానికి మందు సరిపోక వోడ్కాలో వేసుకొచ్చారు!

కొబ్బరాకు:
మాస్టారూ, కథ సగం నుంచి మొదలెట్టారు. ఆల్విన్ దిగకముందే ఓడకి కట్టి లాగిన కెమెరా బండి అక్కడి గవ్వల్ని ఫోటో తీసింది, నీళ్లు వేడెక్కిన చోటూ అదే పట్టింది. మనుషులు వెళ్లింది ఆ అడ్రస్ చేతిలో పెట్టుకునే.

నీలాంబరి:
అడ్రస్ ఇవ్వడం వేరు, ఇంట్లోకెళ్లి చూడడం వేరు కదా. పాత కథలెందుకు, 2024లో చైనావాళ్ల ఫెన్‌డౌజె అనే వాహనంలో శాస్త్రవేత్తలు స్వయంగా కూర్చుని కురిల్–కమ్‌చట్కా అగాధంలో పదే పదే దిగారు, 9,533 మీటర్ల దగ్గర కూడా గొట్టపు పురుగులు, గవ్వలు గుంపులు గుంపులుగా కనిపించాయి. సముద్రగర్భంలో ఇప్పటిదాకా మనం కంటితోనో కెమెరాతోనో చూసింది 0.001 శాతం కూడా లేదని 2025లో ఒక పరిశోధనలో లెక్కగట్టారు. అలాంటి చోట ఏం వెతకాలో ముందే చెప్పి యంత్రాన్ని పంపితే, మనం చెప్పినదాన్నే వెతుకుతుంది.

కొబ్బరాకు:
కంటితో చూడ్డం గురించి మీరే ఎత్తారు కాబట్టి చెప్తా. 1960 జనవరి 23న పికార్డ్, వాల్ష్ అనే ఇద్దరు ట్రియెస్ట్ అనే వాహనంలో ప్రపంచంలోనే అతి లోతైన మరియానా అగాధం అడుక్కి వెళ్లారు. దిగడానికే దాదాపు ఐదు గంటలు, దారిలో బయటి కిటికీ ఒకటి చిట్లింది, అడుగున ఉన్నది 20 నిమిషాలు. బురద లేచి అంతా పాలు కలిపినట్టయింది, ఫోటో కూడా లేదు. పైకొచ్చాక పికార్డ్ బల్లపరుపు చేపని చూశానన్నాడు. చేప అంత లోతులో బతకదని జీవశాస్త్రవేత్తలు ఆ మాట నమ్మలేదు. ఇప్పటిదాకా కెమెరాకి చిక్కిన అతి లోతు చేప 8,336 మీటర్ల దగ్గర, 2022లో, జపాన్ దక్షిణాన, అదీ ఎర కట్టి దింపిన మనిషిలేని కెమెరాకి. కళ్లతో చూశానంటే నమ్మాలి, వీడియో అయితే మళ్లీ వేసి చూసుకోవచ్చు.

కాకినాడ కాజా:
రెండు రోజులుగా చదువుతున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. కాకినాడకి ఎదురుగా సముద్రంలో గ్యాస్ బావుల దగ్గర ఏడేళ్లు ఆర్‌ఓవీ నడిపాను, అంటే ఓడ నుంచి కేబుల్‌తో దింపే రోబో. కొబ్బరాకు గారు "ఖాళీ యంత్రం" అని తేలిగ్గా అనేశారు గానీ, పైన కంటైనర్ గదిలో ఏసీ చలికి స్వెట్టర్లేసుకుని జాయ్‌స్టిక్ పట్టుకుని 12 గంటల షిఫ్ట్ కూర్చునేది మనుషులే. ఒకసారి 1,100 మీటర్ల దగ్గర ఒక వాల్వు తిప్పాలి. నాలుగు కెమెరాలున్నా తెర మీద అన్నీ ఒకే గోడకి అంటించినట్టు ఉంటాయి, ఏది ముందు ఏది వెనక అన్నది తెలియదు. పక్కనే ఉందనుకున్న హ్యాండిల్ జానెడు అవతల ఉంది. చేత్తో అయితే అర నిమిషం పని, మాకు నలభై నిమిషాలు పట్టింది, పైగా వెనక నిలబడ్డ క్లయింటు నిట్టూర్పులు. ఇంకోసారి కేబుల్ చివరి జాయింట్‌లోకి నీళ్లెక్కి తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి, దాన్ని గుడ్డిగా పైకి లాగుతున్నంతసేపూ ఒకటే టెన్షన్.

కాబట్టి రోబో గొప్పదని నేను చెప్పను. కానీ మా షోకేస్‌లో ఒక థర్మోకోల్ టీ గ్లాసుంది. దాని మీద స్కెచ్ పెన్నుతో మా అమ్మాయి పేరు రాసి ఆర్‌ఓవీ ఫ్రేముకి కట్టి దింపా. పైకొచ్చేసరికి కుంకుమ భరిణెంత అయింది, అక్షరాలు మాత్రం ఒక్కటీ చెదరకుండా అవీ చిన్నవైపోయాయి. లోపల గాలి ఉన్నదాని గతి అది. అది చూసినవాణ్ణి కాబట్టి, అంత చికాకు పెట్టినా నా ఓటు రోబోకే.

లెక్కల మాస్టారు:
కాజా గారూ, యంత్రమూ మునుగుతుంది కదా. జపాన్ కైకో కేబుల్ తెగి 2003లో మాయమైంది, అమెరికా నెరియస్ 2014లో కెర్మడెక్ అగాధంలో 9,900 మీటర్ల దగ్గర పోయింది. పైగా నీళ్లలో రేడియో పోదు, ధ్వని సెకనుకి ఒకటిన్నర కిలోమీటరు, అంటే 6 కిలోమీటర్ల కింద ఉన్నదాన్ని మాటడిగితే జవాబుకి 8 సెకన్లు. వీడియో ఆశే వద్దు. కేబుల్ వద్దనుకుంటే అక్కడ దాని బుర్రే దానికి దిక్కు.

కాకినాడ కాజా:
నిజమే మాస్టారూ. నెరియస్ పోయినప్పుడు ముక్కలు పైకి తేలాయి, ఓడలో ఉన్నవాళ్లు ఇంటికెళ్లారు. 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాల్ని చూడ్డానికి టైటాన్ అనే వాహనంలో దిగిన ఐదుగురు వెళ్లలేదు.

నీలాంబరి:
టైటాన్‌ని దీంతో పోల్చకండి దయచేసి. అది కార్బన్ ఫైబర్ గొట్టం, భద్రతా సర్టిఫికెట్లిచ్చే సంస్థలెవరికీ చూపించలేదు. ఆల్విన్ 1964 నుంచి 5,000 సార్లకు పైగా దిగింది, ఒక్క ప్రాణమూ పోలేదు. మనవాళ్లిద్దరు 2025 ఆగస్టులో ఫ్రెంచివాళ్ల నాటిల్‌లో అట్లాంటిక్‌లో దిగి నేర్చుకుని మరీ వచ్చారు, ఒకరు 5,002 మీటర్ల దాకా వెళ్లారు.

గాలిపటం:
అసలు సంగతి ఎవరూ చెప్పరే. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లు మనకి కేటాయించారు, కింద నికెల్, కోబాల్ట్, రాగి ఉన్న ముద్దలు. పది లక్షల ఏళ్లకి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతాయట ఒక్కోటి. ఏరుకోవడానికే ఈ తొందరంతా.

కొబ్బరాకు:
ఏరుకోవడానికైతే మరీ మనిషి అక్కర్లేదు, ఆ పని చేసేది ఎటూ యంత్రమే. నీలాంబరి గారూ, ఆల్విన్ లెక్క ఒప్పుకుంటా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి చెప్పండి, మత్స్యలో మామూలుగా 12 గంటలకి, ఆపదలో 96 గంటలకి సరిపడా ఏర్పాట్లుంటాయంటున్నారు. ఏ వలలోనో ఇరుక్కుని లేవలేదనుకోండి, ఆ 96 గంటల్లో 6,000 మీటర్ల కిందికి వచ్చేదెవరు?

కాకినాడ కాజా:
ఎవరో ఏంటండీ, మళ్లీ రోబోనే. వల కోయాలన్నా తాడు తగిలించాలన్నా అదే దిగాలి. ముగ్గురు దిగే రోజున ఆ పని చేయగలిగిన ఆర్‌ఓవీ అదే ఓడ మీద రెడీగా ఉంటుందా, చెన్నైలో ఉంటుందా అన్నది చెప్పమనండి. ఓడ మీదే ఉంటుందంటే నా ఓటు మార్చుకుంటా.

నీలాంబరి:
ఇది న్యాయమైన ప్రశ్న. తెలిసినవాళ్లుంటే చెప్పండి. కాజా గారూ, ఆ గ్లాసు ఫోటో పెడతారా?

కాకినాడ కాజా:
రేపు పెడతా. మా అమ్మాయి దాంట్లో పిన్నీసులు వేసుకుంటోంది, అడిగి తీసుకోవాలి.