నాలుగడుగుల మొక్కల అక్వేరియాన్ని తిరుపతి నుంచి చిత్తూరుకు ఎలా తీసుకెళ్లాలి?

వచ్చే నెల బైరాగిపట్టెడ నుంచి చిత్తూరు గ్రీమ్స్‌పేటకు ఇల్లు మారుతున్నాం. మిగతా సామాను ఎలాగోలా చేరుతుంది, టెన్షనంతా అక్వేరియం గురించే. పొడవు 4 అడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు. నిండితే దాదాపు 250 లీటర్లు.

నియాన్ టెట్రా, కోరీ చేపలను మూతున్న బకెట్లలో, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి తెస్తాను. ఫిల్టర్ స్పాంజి ఆరితే అందులో నీళ్లను శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది కాబట్టి దాన్ని పాత నీళ్లలోనే ఉంచుతాను. అనూబియాస్, జావా ఫెర్న్ మొక్కలు దుంగకు అతుక్కునే ఉన్నాయి కాబట్టి దాంతో సహా వచ్చేస్తాయి. చిక్కంతా మొక్కల కోసం అడుగున వేసిన సాయిల్‌తోనే (మట్టి). క్రిప్టోకోరైన్ మొక్కల వేళ్లు అందులో అల్లుకుపోయాయి. పీకితే ఆకులు కరిగిపోతాయి, సాయిల్ కదిలితే నీళ్లలో చేపలకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది. అలాగని సాయిల్‌తోనే ఎత్తితే, ఇంత దూరం కుదుపులకు అడుగు అద్దం, సిలికాన్ అతుకులు ఆగుతాయా? కింద ప్లైవుడ్, థర్మకోల్ వేస్తే చాలా? ప్యాకర్స్ వాళ్లు "ఏం కాదు సార్" అంటున్నారు. పోయినసారి బీరువా అద్దం గురించి కూడా ఇలాగే అన్నారు!

ఇంకోటి, కొత్తింట్లో బోరు నీళ్లే, కుళాయిల మీద తెల్లగా పేరుకుపోయి ఉంది. అంటే కఠినజలమే, టెట్రాలకేమో మృదుజలం కావాలి. ఆర్ఓ నీళ్లు ఏ పాళ్లలో కలపాలి? పెద్ద ట్యాంకు ఇలా మార్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.