హ్యాకథాన్‌లో గెలిచిన ప్రాజెక్టుతో కంపెనీ పెట్టొచ్చా?

తొలిఅడుగు:
పోయిన వారం రెండు రోజుల హ్యాకథాన్‌లో (టీమ్‌గా కూర్చుని గడువులోపు కోడ్ రాసి ఏదైనా కట్టి చూపించే పోటీ) మా ముగ్గురికి రెండో బహుమతి వచ్చింది. మీటింగ్ ఆడియో విని, ఎవరు ఏ పని ఒప్పుకున్నారో జాబితా తీసిచ్చే టూల్. జ్యూరీలో ఒకాయన "దీన్ని ఇక్కడితో ఆపకండి" అన్నాడు. నేనూ, నా స్నేహితుడూ ఉద్యోగాలు మానేసి దీనిమీదే కూర్చుందామనుకుంటున్నాం. మూడో అబ్బాయి అక్కడే పరిచయం, ఆ తర్వాత పెద్దగా మాట్లాడలేదు. ఇలా మొదలైనవి నిలబడతాయా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బిల్లుపుస్తకం:
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు ఉద్యోగం మానకండి.

మేమూ ఒకప్పుడు గెలిచినవాళ్ళమే. బిల్లు ఫోటో తీస్తే అంకెలు చదివే యాప్. డెమోలో లాగిన్ బటన్ వెనక ఏమీ లేదు, ఏ పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పంపేసేది. ఫోటో చదవడం కూడా మేం ముందే ఎంచి పెట్టుకున్న ఐదు బిల్లులకే. ఆరోది పెడితే పరువు పోయేది. చప్పట్లు మాత్రం బాగానే పడ్డాయి. తర్వాత అకౌంటెంట్ల దగ్గరికి తీసుకెళ్తే ఒక్కరికీ ఫోటో గొడవ పట్టలేదు. "మా ఎక్సెల్‌లో కాలమ్‌లు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో ఇస్తావా?" అని అడిగారు. ఇవాళ్టికీ మాకు డబ్బులొచ్చేది ఆ కాలమ్‌ల వరుసకే. జ్యూరీ మన సరుకు చూసేది మూడు నిమిషాలు. కొనేవాడు నెలాఖరు రాత్రి పని తెమలనప్పుడు చూస్తాడు.

రాత్రికోడర్:
మీకు కుదరకపోతే ఎవరికీ కుదరదా? గ్రూప్‌మీ అనే గ్రూప్ మెసేజింగ్ యాప్ 2010 మేలో టెక్‌క్రంచ్ డిస్రప్ట్ హ్యాకథాన్‌లో పుట్టింది. 2011 ఆగస్టుకి స్కైప్ కొనేసింది. పదిహేను నెలలు. వేరువేరు యాప్‌లని ఒకదానితో ఒకటి కలిపే జాపియర్ తొలి నమూనా కూడా 2011లో స్టార్టప్ వీకెండ్‌లో కట్టిందే. నిలబడతాయి. ఎవరి చేతిలో నిలబడతాయన్నదే అసలు ప్రశ్న.

నిక్కచ్చి:
స్టార్టప్ వీకెండ్ హ్యాకథాన్ కాదు. అది 54 గంటల కార్యక్రమం, కోడ్ రాయడం రానివాళ్ళూ వస్తారు, అక్కడ చూసేది వ్యాపారం. హ్యాకథాన్ అనే మాట 1999లో వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ళు కెనడాలోని కాల్గరీలో ఒకచోట చేరి కోడ్ రాసుకున్నారు. పిచ్ లేదు, జ్యూరీ లేదు.

గోడమీదపిల్లి:
సార్, ఆయన అడిగింది ఉద్యోగం మానాలా వద్దా అని. హ్యాకథాన్‌కి బారసాల ఎప్పుడు చేశారని కాదు.

నిక్కచ్చి:
తేడా తెలియకుండా ఉదాహరణలిస్తే ఎలా? జాపియర్ వాళ్ళని, కొత్త కంపెనీలకి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ మొదటిసారి వద్దంది. వాళ్ళు ఇంకా పనిచేసి, 25 యాప్‌లు కలిపి చూపించాక 2012లో తీసుకుంది. ఆ వారాంతం ఘనతేమీ కాదు.

బిల్లుపుస్తకం:
నేననేదీ అదే. గ్రూప్‌మీ పెట్టిన ఇద్దరూ కూడా ముందునుంచీ స్నేహితులు. హ్యాకథాన్ వాళ్ళని కలపలేదు, పనిలో పెట్టింది అంతే.

సున్నా_ఒకటి:
తొలిఅడుగు గారూ, పోటీ నియమాల పేజీ పూర్తిగా చదవండి. చాలాచోట్ల హక్కులు పాల్గొన్నవాళ్ళకే వదిలేస్తారు, కొన్నిచోట్ల స్పాన్సర్ తనకి వాడుకునే హక్కు రాయించుకుంటాడు. మీ ఉద్యోగ ఒప్పందం కూడా చూడండి, ఆఫీసు ల్యాప్‌టాప్ మీద రాసి ఉంటే మరీ. ఇంకోటి, మీ కోడ్ దాచిన రిపాజిటరీలో, దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఫైల్ ఉందా? ఎంఐటీ లైసెన్స్ పెట్టి ఉంటే ఎవరైనా తీసుకోవచ్చు. ఏదీ పెట్టకపోతే ఎవరు రాసిన ముక్క వాళ్ళదే, అంటే మూడో అబ్బాయి రాసింది అతనిదే.

రాత్రికోడర్:
ఇదీ అసలు మాట. నా సంగతి చెప్తా వినండి. నలుగురం, క్లినిక్ టోకెన్ యాప్. మీ ముందు ఇంకా ముగ్గురున్నారు, ఇప్పుడు బయల్దేరండి అని మెసేజ్ వస్తుంది. సర్వర్ వైపంతా నేనే రాశా. తెల్లవారుజామున 3:47కి నేను కోడ్ చేర్చినట్టు రికార్డు (కమిట్) ఉంది, మిగతా ముగ్గురూ కుర్చీల్లో నిద్రపోతున్నారు. గెలిచాం, ఫోటోలు దిగాం, వాట్సాప్ గ్రూప్‌కి "ఫౌండర్స్" అని పేరు పెట్టుకున్నాం. ఐదు నెలల తర్వాత ఒకడు అదే యాప్‌తో కంపెనీ పెట్టాడని లింక్డ్‌ఇన్‌లో చూసి తెలుసుకున్నా. స్క్రీన్ రంగు కూడా మార్చలేదు. అడిగితే "కోడ్ మొత్తం తిరగరాశాం బ్రో" అన్నాడు. ఐడియాకి కాపీరైట్ ఉండదట, లాయర్ కూడా అదే చెప్పాడు.

బిల్లుపుస్తకం:
బాధ అర్థమైంది. కానీ రెండు రాత్రులు మేలుకున్నంత మాత్రాన కంపెనీలో వాటా రాదు. స్టార్టప్‌లలో షేర్లు నాలుగేళ్ళకి పంచి, మొదటి ఏడాది నిండేదాకా ఒక్కటీ చేతికివ్వని పద్ధతి ఉన్నది ఇందుకే.

రాత్రికోడర్:
ఆ పద్ధతి సంతకం పెట్టినవాళ్ళకి. నాకు కాగితమే చూపించలేదు. మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?

బిల్లుపుస్తకం:
పనిచేసినవాడి తరఫున. మా టీమ్‌లోనూ ఒకడుండేవాడు. రెండు రోజులు స్లైడ్‌లు చేసి మాయమయ్యాడు. మేం మూడేళ్ళు అకౌంటెంట్ల గుమ్మాలు ఎక్కి దిగాక, మా గురించి ఎక్కడో చదివి ఫోన్ చేసి మూడో వంతు అడిగాడు. మూడో వంతు!

రాత్రికోడర్:
చూశావా, బయటపడ్డావ్. మొదటి పోస్టునుంచీ ఐడియా విలువ సున్నా, డెమో విలువ సున్నా అని ఎందుకు కొట్టిపారేస్తున్నావో ఇప్పుడు అర్థమైంది. నీకు అలా అనుకోవడం అవసరం.

బిల్లుపుస్తకం:
నువ్వు అనే ముందు నా ప్రశ్నకి జవాబివ్వు. ఆ ఐదు నెలల్లో ఎన్ని క్లినిక్‌లకి వెళ్ళావ్?

గోడమీదపిల్లి:
మీరు కాస్తా నువ్వయింది. కుర్చీ జరుపుకుని కూర్చున్నా.

రాత్రికోడర్:
ఒకటి. మా పిన్ని పనిచేసే చోటు. రిసెప్షన్‌లో ఆవిడ ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, "డాక్టర్ గారు ఎమర్జెన్సీకి లేచి వెళ్ళిపోతే ఇది అందరికీ బయల్దేరమనే చెప్తుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం ఆఫీసులో రిలీజ్ ఉంది, వదిలేశా. సరే, పని చెయ్యలేదు. సగం అడిగానా నేను? ఒక్క ఫోన్. "మేం మొదలుపెడుతున్నాం, వస్తావా?" అని. రాకపోయేవాణ్ణేమో కూడా. వాట్సాప్ గ్రూప్ ఇంకా ఉంది, పేరు ఇంకా ఫౌండర్సే.

సున్నా_ఒకటి:
తొలిఅడుగు గారూ, ఎవరు ఏది రాశారు, ఎవరు వదులుకుంటున్నారు, ఎంతకి, ఒక పేజీ రాసి ముగ్గురూ సంతకం చెయ్యండి. ఇంకా రూపాయి రాకముందే. తర్వాత ఆ పేజీ రాయడం చాలా కష్టం.

నిక్కచ్చి:
2013లో సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ హ్యాకథాన్‌లో పది లక్షల డాలర్ల బహుమతి. గెలిచినవాళ్ళు ముందే రాసుకున్న కోడ్ వాడారని గొడవైతే రెండో టీమ్‌కి కూడా పది లక్షలూ ఇచ్చి సర్దుబాటు చేశారు. కోడ్ ఎప్పటిదన్నది చిన్న విషయం కాదు. అది మాత్రం హ్యాకథానే.

బిల్లుపుస్తకం:
రాత్రికోడర్, వాటా విషయంలో నా మాట నాదే. రెండు రోజుల పనికి మూడో వంతు ఇవ్వను, ఇవ్వలేదు. కానీ నువ్వన్న ఆ ఫోన్ నేనూ చెయ్యలేదు. స్లైడ్‌లు చేసిన వాడికి. "ఇక వాడు రాడులే" అనుకున్నాం, నేనూ నా పార్ట్‌నరూ, మాలో మేమే. వాణ్ణి అడగలేదు.

రాత్రికోడర్:
ఊఁ.

తొలిఅడుగు:
ఉద్యోగం సంగతి తర్వాత. మా మూడో అబ్బాయికి ఇప్పుడే ఫోన్ చేశాను. రింగ్ అయింది, ఎత్తలేదు. రాత్రికి మళ్ళీ చేస్తా.