గండికోట, బెలూం గుహలు: పెద్దవారితో, పిల్లలతో మూడు రోజుల ప్రయాణం

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక గృహిణి):

నమస్కారం. డిసెంబరు చివరి వారంలో మా కుటుంబమంతా కారులో గండికోటకు, బెలూం గుహలకు వెళ్ళాలని అనుకుంటున్నాము. మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అత్తగారు, పదేళ్ళ పాప, పద్నాలుగేళ్ళ బాబు మాతో వస్తున్నారు. లోయ పక్కన గుడారంలో ఒక రాత్రి గడపాలనీ, పెన్నలో కయాకింగ్ చేయాలనీ పిల్లలు ఎంతో ఆశతో ఉన్నారు. ఫొటోలలో చూస్తే ఆ రాళ్ళ అంచున ఎక్కడా కంచె ఉన్నట్టు లేదు, అందుకని నాకు భయంగా ఉంది. తెల్లవారుజామున సూర్యోదయం చూసి వెంటనే తిరిగి వచ్చేయవచ్చని, అక్కడ అంతకు మించి ఏమీ లేదని మా బంధువులు అంటున్నారు. అది నిజమేనా? గుహలలో గాలి ఆడదని కూడా విన్నాను. ఆ ప్రాంతం బాగా తెలిసినవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1 (జమ్మలమడుగు వాసి):

అమ్మా, మీ బంధువుల మాట పట్టించుకోకండి. గండికోటకు కనీసం ఒక పూర్తి రోజు కేటాయించాలని ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడిగా గట్టిగా చెబుతున్నాను. జమ్మలమడుగు నుంచి కోటకు సుమారు 15 కిలోమీటర్ల దూరం ఉంటుంది, కారు కోట లోపలి దాకా వెళుతుంది. కోట లోపల ఇప్పటికీ ఒక ఊరు ఉంది. మాధవరాయస్వామి ఆలయ గోపురం, జామియా మసీదు, దాని పక్కనే ఉన్న పెద్ద ధాన్యాగారం, రంగనాథస్వామి ఆలయం అన్నీ ఒకదానికొకటి నడక దూరంలోనే ఉన్నాయి కనుక మీ అత్తగారు మసీదు దాకా నెమ్మదిగా నడిచి, ఆ నీడలో హాయిగా కూర్చోవచ్చు. అక్కడి నుంచి లోయ అంచుకు చేరాలంటే మాత్రం ఎగుడుదిగుడు బండల మీదుగా నడవాలి, చివర్లో చేతులతో పట్టుకుని ఎక్కవలసిన చోట్లు కూడా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవారిని అంతవరకు తీసుకువెళ్ళవద్దు.

మీ భయంలో న్యాయం ఉంది. లోయ సుమారు 300 అడుగుల లోతు ఉంటుంది, అంచు పొడవునా కంచె లేదు. రాళ్ళు పలకలు పలకలుగా విడివడి ఉండడం వల్ల పైకి గట్టిగా కనిపించిన పలక కూడా కాలు మోపితే కదలవచ్చు. పిల్లల చెయ్యి వదలకండి. సెల్ఫీ కోసం అంచు మీద కాళ్ళు వేలాడదీసి కూర్చునేవారిని చూసి మీ బాబు కూడా ముచ్చటపడతాడు, అలా చేయకూడదని ఇంటి దగ్గరే నచ్చజెప్పి తీసుకురండి. గుడారం వేసుకునేటప్పుడు అంచుకు బాగా దూరంగా, రాత్రి కాపలా ఉండే నిర్వాహకుల స్థలంలోనే వేసుకోండి. చీకట్లో ఎవరూ ఒంటరిగా బయటికి వెళ్ళకుండా చూసుకోండి, ప్రతి ఒక్కరి దగ్గర టార్చిలైటు ఉండాలి. బండల మీద రాత్రి గాలి చలిగా వీస్తుంది, కాబట్టి దుప్పట్లు మరచిపోవద్దు.

కయాకింగ్ విషయానికి వస్తే, లోయకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. లోయలో నీటిమట్టం ఆ రెండింటిలోని నిల్వలను బట్టి మారుతూ ఉంటుంది. సాధారణంగా వర్షాల తరువాత, డిసెంబరు నాటికి నీరు బాగానే ఉంటుంది, అయినా బయలుదేరే ముందు నిర్వాహకులకు ఫోను చేసి కనుక్కోండి. లైఫ్ జాకెట్ ఇవ్వనివారి దగ్గర పడవ ఎక్కవద్దు. పైనుంచి చూసినప్పుడు దారంలా కనిపించే నది మీద పడవలో కూర్చుని తల ఎత్తితే, రెండు వైపులా ఎర్రని గోడలు ఎంత ఎత్తున నిలబడ్డాయో అప్పుడు తెలుస్తుంది. పిల్లలకు ఆ అనుభవం తప్పక దక్కాలి.

జవాబు 2 (భూగర్భ శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన వ్యక్తి):

పై మిత్రులు చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే. పిల్లలు వస్తున్నారు కనుక రాళ్ళ గురించి కొంత చెప్పాలనిపించింది. గండికోట రాళ్ళను గ్రానైట్ అని చాలాచోట్ల రాస్తున్నారు, కానీ అది క్వార్ట్‌జైట్. వంద కోట్ల సంవత్సరాలకు ఎంతో పూర్వం, ఇప్పటి కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో విస్తరించిన ఒక పురాతన జలాశయపు అడుగున పేరుకున్న ఇసుక కాలక్రమంలో గట్టిపడి రాయిగా మారింది. శాస్త్రవేత్తలు ఆ శిలలకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. పేర్చిపెట్టినట్టు కనిపించే ఆ పొరలు ఇసుక ఒకదాని మీద ఒకటిగా చేరిన క్రమమే. ఎర్రమల కొండలను పెన్నా నది ఎడతెగకుండా కోస్తూ రావడం వల్ల ఈ లోయ ఏర్పడింది. పడిపోయిన పలకల మీద మీ పిల్లలు జాగ్రత్తగా వెతికితే, ఏటి ఒడ్డున ఇసుకలో అలలు వదిలి వెళ్ళే చిన్న చిన్న మడతల వంటి గీతలు రాతిలో కనిపించవచ్చు. ఆనాటి నీటి కదలికకు అవే సాక్ష్యం. వేలితో తడిమి చూడనివ్వండి, కానీ ముక్కలు విరగగొట్టి తీసుకురావద్దు.

బెలూం గుహలది వేరే రాయి. నార్జి సున్నపురాయి అని పిలిచే శిలాపొరలో అవి ఏర్పడ్డాయి. మన ఇళ్ళలో వంటగది గట్లకూ అలమరల అరలకూ వాడే నల్లని కడప రాయి కూడా ఆ జాతిదే. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది, సున్నపురాయి పగుళ్ళలోకి దిగి దానిని కరిగిస్తుంది. భూగర్భంలో ప్రవహించిన నీరు ఆ పగుళ్ళను వెడల్పు చేసి సొరంగాలుగా మార్చింది. గండికోటలో నీరు రాతిని పైనుంచి కోసింది, బెలూంలో లోపలి నుంచి కరిగించింది. ఈ రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడగలిగే ప్రదేశాలు మన రాష్ట్రంలో చాలా అరుదు కాబట్టి, ఒకటి చూసి రెండవది వదిలేయవద్దని నా మనవి.

జవాబు 3 (నంద్యాల నుంచి):

గుహల గురించి నాకు తెలిసినంత చెబుతాను. బెలూం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశారు. ఆ తరువాత దాదాపు వంద సంవత్సరాలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982, 1983లలో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం లోపలికి వెళ్ళి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర సందర్శకులు తిరిగేందుకు వీలుగా పర్యాటక శాఖ దారులు, దీపాలు ఏర్పాటు చేసింది.

ఊపిరాడదన్న మాట పూర్తిగా నిజం కాదు. బయటి గాలిని లోపలికి పంపే ఏర్పాటు ఉంది. అయితే లోపల ఉక్కపోత మాత్రం చాలా ఎక్కువ. చలికాలంలో కూడా కొద్దిసేపటికే చెమటతో బట్టలు తడిసిపోతాయి. నూలు బట్టలు, జారని చెప్పులు వేసుకోండి, ఒక్కొక్కరికి ఒక నీళ్ళ సీసా దగ్గర ఉంచుకోండి. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహా తీసుకోకుండా దిగకపోవడమే మంచిది. గుహలోకి దిగాలన్నా, తిరిగి పైకి రావాలన్నా మెట్లు తప్పవు. మీ అత్తగారు దిగగలనంటే, గుహ లోపల సింహం తలలా కనిపించే సింహద్వారం అనే రాతి కమాను దాకా తీసుకువెళ్ళి అక్కడి నుంచి వెనక్కి రావచ్చు. భూమట్టానికి సుమారు 150 అడుగుల దిగువన ఉన్న పాతాళగంగ అనే నీటి పాయ దాకా మాత్రం ఆవిడను రమ్మనకండి. ఆ దారి ఇరుకు, కొన్నిచోట్ల వంగి నడవవలసి వస్తుంది. పిల్లలకు నచ్చేది కూడా ఆ దారే కాబట్టి మీరో మీ వారో వెంట వెళ్ళండి. ఎన్ని దీపాలు ఉన్నా మీ సొంత టార్చి తప్పనిసరిగా తెచ్చుకోండి, కరెంటు పోతే అక్కడి చీకటి పిల్లలను బాగా భయపెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పిల్లలకు రాళ్ళ సంగతి చదివి వినిపించాను, పెద్దవాడు ఇప్పటి నుంచే భూతద్దం వెతుకుతున్నాడు. ఇంకొక్క సందేహం. కర్నూలు మీదుగా వచ్చే మాకు ముందు బెలూం తగులుతుంది కదా, దానిని వెళ్ళేటప్పుడే చూడడం మేలా, తిరిగి వచ్చేటప్పుడా?

జవాబు 4 (జమ్మలమడుగు వాసి):

తిరిగి వచ్చేటప్పుడు చూడండి. మొదటి రోజు ఎక్కడా ఎక్కువసేపు ఆగకుండా సాయంత్రానికి గండికోట చేరుకుంటే, పొద్దువాలే ఎండలో లోయ గోడలు ఎర్రబడడం పిల్లలతో కలిసి చూడవచ్చు. అత్తగారిని లోయ నుంచి దూరంగా బండ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. రెండవ రోజు తెల్లవారుజామున సూర్యోదయం, ఎండ ముదిరేలోగా కోట, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం కయాకింగ్ పెట్టుకోండి. గుడారం ఆ రాత్రికి ఉంచండి, మొదటి రాత్రి ప్రయాణపు అలసటతో ఉంటారు కనుక పర్యాటక శాఖ అతిథిగృహంలో గదులు ముందుగానే మాట్లాడుకోండి. డిసెంబరు చివరి వారంలో రద్దీ విపరీతంగా ఉంటుంది, వచ్చాక చూద్దామంటే గది దొరకదు. మూడవ రోజు జమ్మలమడుగులో ఉగ్గాణి, బజ్జీ తిని బయలుదేరితే, గుహలు తెరిచే వేళకు బెలూం చేరుకుంటారు. అప్పటికి జనం పలుచగా ఉంటారు. మధ్యాహ్నం బనగానపల్లె దారిలో యాగంటి ఆలయం దగ్గర ఆగితే కొండ ఊట నీటితో నిండిన కోనేరు, పక్కనే కొండ గుహలు చూడవచ్చు. అక్కడి గుహలకు కూడా మెట్లున్నాయి. అత్తగారిని కోనేటి దగ్గర కూర్చోబెట్టి మీరు వెళ్ళి రండి. కర్నూలు చేరేసరికి చీకటి పడుతుంది, డ్రైవరుకు మధ్యాహ్నమే కొంత విశ్రాంతి ఇవ్వడం మరచిపోకండి.