రోజువారీకి ఎన్ని జతల చెప్పులు ఉంటే సరిపోతాయి? మీ అనుభవం చెప్పండి

కూకట్‌పల్లి_శ్రావణి:
అందరికీ నమస్తే. పోయిన ఆదివారం ఇల్లు మారాం. స్టాండ్ ఖాళీ చేస్తుంటే ఒక్క నావే 17 జతలు తేలాయి, రోజూ కాలికి తగిలేవి మాత్రం మూడే. మిగతావన్నీ ఏదో పెళ్లికనీ, చీర రంగుకి కలిసిందనీ, డిస్కౌంట్‌లో వచ్చాయనీ కొన్నవి. ఐదేళ్ల కిందటి నల్ల హీల్స్ ఒక్కసారే వేసుకున్నాను, ఇప్పుడు డబ్బాలోంచి తీస్తే సోల్ పొడిపొడిగా రాలిపోయింది, చాలా బాధేసింది. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా మెట్రో, అక్కడి నుంచి పది నిమిషాల నడక. ఆఫీసుకి కుర్తాలు, శుక్రవారం జీన్స్, పండగలకి చీర. నిజంగా ఎన్ని ఉంచుకోవాలి?

రవళి_గుంటూరు:
శ్రావణి గారూ, నేను హైస్కూల్ టీచర్‌ని, రోజుకి ఆరు పీరియడ్లు నిలబడే ఉంటాను. నాలుగేళ్లు పలచటి ఫ్లాట్ చెప్పులతో నెట్టుకొచ్చాను. ఒకరోజు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టయింది. డాక్టర్ ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు, పాదం కింద మడమ నుంచి వేళ్ల దాకా ఉండే పట్టీ లాంటి కణజాలం వాచిందట. తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటి నుంచి బడికి ఒకే రకం చెప్పులు రెండు జతలు, మెత్తటి సోల్, అంగుళం మడమ, వెనక పట్టీ ఉన్నవి, రోజు మార్చి రోజు వేసుకుంటాను. చెమట ఆరడానికి ఒక రోజు దొరుకుతుంది కాబట్టి వాసన రాదు, రెండూ ఎక్కువ కాలం వస్తాయి. ఇంట్లో టైల్స్ మీద కూడా ఉత్తి కాళ్లతో తిరగను, దానికి వేరే జత. కాబట్టి మీ మూడింటిలో ఎక్కువసేపు ఏది వేసుకుంటారో దానికే ఎక్కువ డబ్బు పెట్టండి.

పాదరక్ష77:
ఆ రాలిపోయింది పీయూ సోల్ అయి ఉంటుంది, అంటే పాలీయురేథేన్. గాలిలో తేమకి ఏళ్ల తరబడి లోపల్లోపల విరిగిపోతుంది, వాడకుండా దాచినా ఆగదు. పెళ్లిళ్లకని దాచే జతకి రబ్బరు సోల్ చూసి కొనండి.

మాధవి_వైజాగ్:
వానాకాలానికి ఒక జత విడిగా ఉండాల్సిందే. కొల్హాపురీలు వేసుకుని జూలైలో బస్ కోసం నిలబడ్డాను, రెండు గంటల్లో తోలు ఉబ్బిపోయి, ఆరాక వంకర తిరిగాయి. ఇప్పుడు జూన్ నుంచి అక్టోబర్ దాకా కడిగేసుకునే రబ్బరువే.

చీరల_కొట్టు_అమ్మాయి:
నాకు రెండే జతలు అక్కా. విజయవాడలో చీరల షాపులో చేస్తాను, లోపల పరుపుల మీద అందరం ఉత్తి కాళ్లే. బయటికి ఒకటి, ఇంటికి హవాయి. కొన్న రోజే చెప్పులు కుట్టే అతని దగ్గర సోల్ చుట్టూ కుట్టు వేయిస్తాను, ఏడాదిన్నర వస్తాయి. కాకపోతే హఠాత్తుగా పట్టీ తెగిన రోజు మాత్రం చాలా ఇబ్బంది, మూడోది ఉంటే బాగుండనిపిస్తుంది.

లలిత_అత్తాపూర్:
చీర మీదికి హీల్స్ విషయంలో ఒక మాట. హీల్స్ వేసుకుని కుచ్చిళ్లు సరిచేసుకుంటాం కదా, గుడి దగ్గరో మండపం ఎక్కేటప్పుడో విప్పేయగానే ఆ చీర రెండంగుళాలు కిందికి జారి నేల ఊడుస్తుంది, తొక్కి పడబోయిన రోజులున్నాయి. మన ఫంక్షన్లన్నిట్లో ఎక్కడో ఒకచోట చెప్పులు విప్పాల్సిందే. అందుకే అంగుళం దాటని బంగారు రంగు జత ఒకటి పెట్టుకున్నాను, పట్టుచీరలన్నిటికీ అదే, ఎవరూ కాళ్ల వంక చూడరు. బకిల్ ఉన్నది మాత్రం వద్దు, గుడి ముందు వంగి విప్పలేక చస్తాం.

న్యూజెర్సీ_కోడలు:
ఇక్కడ మంచు బూట్లు తప్పనిసరి కాబట్టి లెక్క ఒకటి పెరుగుతుంది. మిగతాదంతా లలిత గారు చెప్పినట్టే.

కూకట్‌పల్లి_శ్రావణి:
అందరికీ చాలా థాంక్స్. పొద్దున్నే కూర్చుని విడదీశాను. ఆఫీసుకి రెండు, జీన్స్ మీదికి, పొద్దున నడకకి కలిపి ఒక స్పోర్ట్స్ షూ, వానకి ఒకటి, చీరలకి ఒకటి, ఇంట్లోకి ఒకటి. ఆరు. బాగున్న ఐదు జతలు మా పనమ్మాయి, వాళ్ల చెల్లి వేసుకుని చూసి సరిపోయినవి తీసుకున్నారు. ఆఫీసు జత రెండోది కొనాలి. నా కుడి పాదం కాస్త పెద్దది, ప్రతి కొత్త జతా మొదటి వారం కరుస్తుంది, ఏం చేయాలి?

రవళి_గుంటూరు:
పెద్ద పాదానికే సైజు చూడమ్మా, ఎడమ దానికి లోపల పలచటి ఇన్‌సోల్ వేసుకోవచ్చు. సాయంత్రం పూట వెళ్లు, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. రెండూ వేసుకుని షాపులో ఐదు నిమిషాలు నడువు, వాడేకొద్దీ సాగుతాయని షాపువాళ్లు అంటే మాత్రం కొనకు.

కూకట్‌పల్లి_శ్రావణి:
సరే అక్కా, ఇవాళ ఆఫీసు అయ్యాక అమీర్‌పేటలోనే చూస్తాను.